మా ఇంటి ముక్కోణం

శీర్షిక చూసి ఇదేదో ఒక నాయకుడూ ఇద్దరు నాయికలూ ఉన్న కథ అనుకునేరు! అల్లాంటిదేమీ లేదు. పెళ్ళయి ముప్పయ్యేళ్ళు దాటిన మనిషిని. ఉన్న ఒక్క నాయిక వేసే ప్రశ్నలకే జవాబులు చెప్పుకోలేక సతమతమవుతున్నవాణ్ణి. ఇది అచ్చంగా ముక్కోణం కథే. గ్రాఫు కాగితం మీద, స్కేలు పెట్టి, పెన్సిలుతో గీసిన ముక్కోణం. దాని సైజు ఎంతంటారా? గ్రాఫు కాగితం మీద మిల్లీమీటరు గళ్ళుంటాయి చూడండి, సరిగ్గా అల్లాంటివి రెండు. అంతే. ఆ రెండు గళ్ళలో నేనూ, మా ఆవిడా, ఇద్దరు పిల్లలూ, మా అమ్మా అయిదుగురం కాపురం ఉంటున్నామన్న సంగతి నాకు 2009 నవంబరులో ఒక ఆదివారం సాయంత్రం తెలిసింది.

నేను రాజమండ్రిలో ఒక బట్టల కొట్లో లెక్కలు వ్రాసే గుమాస్తాని. గుమాస్తాకి ఇలవేల్పు ఎవరయ్యా అంటే సమానపు గుర్తు. రాత్రి కొట్టు కట్టేసే వేళకి జమ ఎంతో ఖర్చూ నిలవా కలిపి అంత కావాలి. రూపాయి తేడా వచ్చిందా, అది దొరికేదాకా ఇంటి మొహం చూడ్డానికి వీల్లేదు. అల్లా ఏళ్ళ తరబడి బతికినవాడికి లోకమంతా ఆ గుర్తుకి అటూ ఇటూ సరితూగుతూ కనిపిస్తుంది. నాకూ అల్లాగే కనిపించేది.

ఆ ఆదివారం మా అమ్మాయి సావిట్లో చాప మీద గ్రాఫు కాగితాలు పరుచుకుని కూర్చుంది. అప్పుడది పదో తరగతి. పక్కన స్కేలు, రబ్బరు, పెన్సిలు చెక్కిన పొట్టు. నేను పడక్కుర్చీలో ఉన్నాను. పిల్ల చదువుకుంటూంటే తండ్రికి ఒక దుర్బుద్ధి పుడుతుంది, తనకీ ఏదో వచ్చునని చూపించుకోవాలని. నాకూ పుట్టింది.

“ఏమిటమ్మడూ, గ్రాఫులా? రెండు సమీకరణాలిస్తారు, రెండు గీతలు గీస్తావు, అవి కలుసుకున్న చోట ఉన్నదే జవాబు. అంతే కదా?” అన్నాను.

“ఇవి సమీకరణాలు కావు నాన్నా, అసమీకరణాలు” అంది తలెత్తకుండా.

“అంటే తప్పుడు లెక్కలా?”

అది పకపకా నవ్వింది. “తప్పుడు లెక్కలు కావు. సమానం అనరు, అంతకి మించకూడదు అంటారు. లేకపోతే అంతకి తగ్గకూడదు అంటారు. అప్పుడు జవాబు ఒక చుక్క కాదు నాన్నా, ఒక ప్రాంతం.”

జవాబు ఒక ప్రాంతమట! మా షావుకారుగారు “నిలవ ఎంతయ్యా?” అని అడిగితే “ఒక ప్రాంతమండీ” అని చెప్పానంటే ఆ పూటే లెక్క చూసి ఇంటికి పంపిస్తారు. అయినా తెలుసుకుందామని చాప మీదికి దిగాను. అది నాకు పాఠం చెప్పడం మొదలుపెట్టింది. మీలో ఎవరి పిల్లలైనా ఈ లెక్కలు చేస్తూంటే పనికొస్తుంది, నాకు అర్థమైనంత మట్టుకు చెబుతాను.

ఒక వడ్రంగి ఉన్నాడు. వారంలో చేతుల కుర్చీలు కొన్నీ, బల్లలు కొన్నీ చేస్తాడు. కుర్చీల లెక్క ఎక్స్, బల్లల లెక్క వై. చెక్కపనికి కుర్చీకి రెండు గంటలు, బల్లకి ఒక గంట. మొత్తం పది గంటలే ఉన్నాయి. మెరుగు పెట్టడానికి కుర్చీకి ఒక గంట, బల్లకి రెండు గంటలు; మొత్తం ఎనిమిది గంటలు. కుర్చీ మీద లాభం మూడొందలు, బల్ల మీద నాలుగొందలు. ఏవి ఎన్ని చేస్తే లాభం ఎక్కువ? ఇదీ ప్రశ్న.

ముందు మెరుగు సంగతి చూడండి. ఎక్స్ + 2 వై ≤ 8. ఆ గుర్తు అడుగున చిన్న గీత ఉంటే ‘సమానమైనా ఫరవాలేదు’ అని అర్థం. అప్పుడు సరిహద్దుని నిండు గీతగా గీయాలి. అడుగున గీత లేకపోతే సరిహద్దు మీద నిలబడ్డానికి అనుమతి లేదు గనక చుక్కల గీత గీయాలి. బల్లలు సున్నా అయితే కుర్చీలు ఎనిమిది, కుర్చీలు సున్నా అయితే బల్లలు నాలుగు; ఆ రెండు బిందువులూ కలిపితే గీత వచ్చింది. గీత కాగితాన్ని రెండు ముక్కలు చేసింది. మనకి కావలసిన ముక్క ఏది? దానికో కిటుకుంది. గీత మీద లేని బిందువు ఏదో ఒకటి తీసుకుని ఆ షరతులో పెట్టి చూడాలి. అన్నింటికంటే సులువు మూలబిందువు, అంటే రెండూ సున్నాలే. సున్నా ఎనిమిదికి మించలేదు, నిజమే. కాబట్టి మూలబిందువు ఉన్నవైపే మనవైపు, ఆ వైపు గీతలు కొట్టు. మూలబిందువు అబద్ధం చెప్పిందా, అవతలివైపు కొట్టు. చెక్కపని షరతు 2 ఎక్స్ + వై ≤ 10 కూడా అంతే. రెండు గీతలూ నాలుగు కుర్చీలు, రెండు బల్లలు దగ్గర కలుసుకున్నాయి.

“అయిపోయింది కదా” అన్నాను.

“అయిపోలేదు. ఎక్స్ ≥ 0, వై ≥ 0 అని వ్రాయాలి.”

“కుర్చీలు సున్నా కంటే తక్కువ ఉండవని వేరే చెప్పాలా? అది అందరికీ తెలిసిందేగా?”

“అందరికీ తెలుసని వ్రాయకుండా వదిలేస్తే కాగితానికి తెలియదు నాన్నా. ప్రాంతం అటువైపు ఎంతదూరమైనా పోతుంది. మొన్న పరీక్షలో అది మరిచిపోయి మార్కు పోగొట్టుకున్నాను. ‘మైనస్ మూడు కుర్చీల మీద ఎవరు కూర్చుంటారమ్మా?’ అన్నారు మా మేష్టారు.”

ఆ మాట అప్పుడు నవ్వుకుని వదిలేశాను. తరవాత ఎన్నోసార్లు తలుచుకున్నాను.

అన్ని షరతులూ ఒప్పుకున్న చోటుకి సాధ్య ప్రాంతం అని పేరు. మా వడ్రంగి ప్రాంతానికి నాలుగు మూలలు వచ్చాయి. ఇంక లాభం. ఒకే లాభం వచ్చే బిందువులన్నీ ఒక గీత మీద ఉంటాయిట, దాన్ని సమలాభ రేఖ అంటారు. స్కేలుని ఆ వాలులో పెట్టి మెల్లగా పైకి జరుపుతూ పోతే ప్రాంతాన్ని వదిలిపెట్టబోయే ముందు ఆఖరున ఒక మూలని తాకుతుంది. కాబట్టి లోపల ఎక్కడో వెతుక్కోనక్కరలేదు, మూలలు చూస్తే చాలు. ఐదు కుర్చీలే చేస్తే పదిహేనొందలు, నాలుగు బల్లలే చేస్తే పదహారొందలు, నాలుగు కుర్చీలూ రెండు బల్లలూ చేస్తే రెండు వేలు. అదీ జవాబు.

నిజం చెప్పొద్దూ, నాకు భలే సరదా వేసింది. ఇన్నాళ్ళూ ఒక చుక్క కోసం వెతికినవాడికి ఇంత జాగా కనిపించేసరికి ప్రాణం లేచి వచ్చింది. “ఇంకోటి చెప్పు” అన్నాను.

“ఇంకోటి మనమే తయారుచెయ్యాలి. మీ ఇంటి లెక్క ఏదైనా తీసుకుని గ్రాఫు గీసుకురండి అన్నారు మేష్టారు. మన ఇంటి ఖర్చు చెప్పు నాన్నా.”

ఖర్చు చెప్పమంటే గుమాస్తాకి పండగే కదా. పడక్కుర్చీలోకి మళ్ళీ ఎక్కి దర్జాగా చెప్పాను. నెలకి ఇంట్లో ఇచ్చేది ఆరువేలు. వంటింటి ఖర్చు ఎక్స్. బియ్యం, పప్పులు, పాలు, కూరలు, నూనె, గ్యాసు కలిపి నాలుగువేలకి తగ్గితే పొయ్యి వెలగదని మీ అమ్మ అంటుంది. మిగతా ఖర్చులు వై. కరెంటుకి మూడొందలు, మామ్మ మందులకి ఆరొందలు, మీ ఇద్దరి బస్సుకీ పుస్తకాలకీ అయిదొందలు, సబ్బులూ పేపరూ టీవీ కేబులూ నాలుగొందలు. వెరసి పద్ధెనిమిదొందలకి తగ్గదు.

అది వందల్లో వ్రాసుకుంది. ఎక్స్ + వై ≤ 60. ఎక్స్ ≥ 40. వై ≥ 18. సెంటీమీటరుకి వెయ్యి రూపాయల చొప్పున గీసింది. ఒక నిలువు గీత, ఒక అడ్డగీత, ఒక వాలుగీత. మూడింటి మధ్యా, పెన్సిలు మొన పెట్టడానికి కూడా ఇరుకైన చోట, ఒక ముక్కోణం మిగిలింది. అదీ మీకు మొదట చెప్పిన ముక్కోణం.

“చూశావా, మన ఇల్లు ఎంత ఇరుకో!” అంది అది.

“ఇరుకైతేనేం, ఉంది కదా” అన్నాను గర్వంగా. “ఈ మూల చూడు. వంటింటికి నలభై, మిగతాదానికి పద్ధెనిమిది. అంటే నెలకి రెండొందలు మిగలాలి.”

మిగలాలి అన్న మాట నోట్లోంచి వచ్చాక గుమాస్తా ఊరుకుంటాడా? వంటింటి వైపు తిరిగి, “ఇదిగో, ఒకసారి ఇలా రా. లెక్కప్రకారం నెలకి రెండొందలు మిగులు తేలుతోంది. ఆ రెండొందలూ ఏవీ?” అని కేకవేశాను. తమాషాకే అన్నాను. అయినా ఆ కేకలో తమాషా ఎంతో అధికారం ఎంతో ఇప్పుడు గ్రాఫు గీసినా తేల్చలేను.

మా ఆవిడ గరిటె చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. “ఏ రెండొందలండీ?” అంది.

“గ్రాఫులో ఉన్నాయి అమ్మా” అంది అమ్మాయి. “నువ్వు దాచుకుంటున్నావా? ఇంకేమైనా ఖర్చులు వ్రాయడం మరిచిపోయామా?”

“ఏమున్నాయే, అంతే” అని మా ఆవిడ వెనక్కి తిరగబోయింది.

అప్పుడు మంచం మీదనుంచి మా అమ్మ, అంతవరకూ నిద్రపోతూందనుకున్న మనిషి, మెల్లగా అంది. “దాని మాత్రలు వ్రాశారుట్రా?”

“ఏ మాత్రలు?”

“రక్తపోటు మాత్రలు. వైశాఖంలో డాక్టరు వ్రాసిచ్చాడు కదూ? నా మాత్రలు తెచ్చి ఇచ్చినప్పుడల్లా చూస్తున్నాను. రోజు విడిచి రోజు వేసుకుంటుంది.”

నాకు జ్ఞాపకం వచ్చింది. ఎండల్లో ఒకసారి కళ్ళు తిరిగి పడబోతే నేనే తీసుకువెళ్ళాను. మొదటి నెల మాత్రలు నేనే కొన్నాను. ఆ తరవాత ఆ సంగతి నేను మరిచిపోయాను. అన్నీ ఆవిడే చూసుకుంటుంది కదా అని.

“నెలకి ఎంతవుతుందమ్మా?” అని అమ్మాయి అడిగింది.

మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు. “మూడొందల యాభై. ఆ రెండొందలూ దానికే పోతున్నాయి. సగం వేసుకుంటే సరిపోతోంది లెండి. ఏం, బాగానే ఉన్నానుగా” అంది.

అమ్మాయి రబ్బరు తీసుకుని అడ్డగీత చెరిపేసింది. పద్ధెనిమిదికి మూడున్నర కలిపింది. ఇరవయ్యొకటిన్నర దగ్గర కొత్త గీత గీసింది. స్కేలు తీసి చూసింది. కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చూసింది. ఆ వాలుగీత ఒక వైపూ, ఈ రెండు గీతల మూల మరో వైపూ ఉన్నాయి. మూడింటికీ ఉమ్మడిగా ఒక్క గడి కూడా లేదు.

“లేదు నాన్నా. ప్రాంతం లేదు. శూన్యం” అంది. తరవాత, పదిహేనేళ్ళ పిల్లలు అడిగినట్టే సూటిగా అడిగింది. “ప్రాంతమే లేకపోతే మరి ఆర్నెల్లుగా మన ఇల్లు ఎల్లాగ నడుస్తోంది?”

“చారు మరిగిపోతోంది” అని మా ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరం మాట్లాడలేదు. అమ్మాయి మట్టుకు కాగితం మడవబోతూ, “నాన్నా, నలభై తగ్గదు, ఇరవయ్యొకటిన్నర తగ్గకూడదు. మరి ఈ అరవయ్యో? ఇది కూడా గీతే కదా. కొంచెం పైకి జరపడానికి వీల్లేదా?” అంది.

“అది జీతాన్ని బట్టి ఉంటుందమ్మా. జరగదు” అన్నాను.

అబద్ధం. పడుకున్నాక నిద్ర పట్టలేదు. జీతం తొమ్మిదివేలు. అద్దె పదిహేనొందలు, చీటీకి అయిదొందలు, పిల్లల ఫీజులకి నాలుగొందలు. అవి పోతే ఆరువేలు మిగలవు, ఆరువేల ఆరొందలు మిగులుతాయి. ఆ ఆరొందలూ నేను జీతం అందుకున్నరోజునే, ఇంటికి రాకముందే, జేబులో వేరే పెట్టుకుంటాను. సాయంత్రం హోటల్లో కాఫీ, కిళ్ళీ, ఆదివారం మధ్యాహ్నం స్నేహితులతో చీట్లపేక. ఎవరైనా అడిగితే ‘మగాడన్నాక చేతిఖర్చుండదా’ అనేవాణ్ణి. కాని ఎవరూ అడగలేదు. ఎందుకంటే అది ఏ గ్రాఫులోనూ లేదు. నా ఖర్చు గీత గీయకముందే తీసేసుకున్నాను. ఆవిడ ఖర్చు గీతలన్నీ గీశాక, చోటు మిగిలితే వేసుకుంది.

ఇంటి లెక్క తప్పులేకుండా సరిపోతోందని ఇన్నాళ్ళూ మురిసిపోయిన గుమాస్తాని నేను. అది సరిపోతున్నది నా లెక్క వల్ల కాదు. ఒక మనిషి తన గీతని తానే చెరిపేసుకుంటూంది గనక.

మర్నాడు కొట్టుకి వెళ్ళేముందు మా ఆవిణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆయన రక్తపోటు చూసి, కాగితం పక్కన పెట్టి, “రోజు విడిచి రోజు వేసుకోమని ఎవరు చెప్పారమ్మా?” అన్నాడు. తలనొప్పి లేదు కదా అని ఊరుకున్నానని ఆవిడ అంది. “ఈ జబ్బుతో వచ్చిన చిక్కే అది. చాలామందికి ఏ బాధా తెలియదు. తెలియకుండానే గుండెనీ, మెదడునీ, మూత్రపిండాలనీ పాడుచేస్తుంది. బాధ ఉన్నా లేకపోయినా రోజూ వేసుకోవాలి” అన్నాడు. తరవాత నావైపు చూశాడు. ఆయన ఏమీ అనలేదు. అంటేనే బాగుండేది.

ఆ సాయంత్రం మా ఆవిడ చేతిలో మూడొందలు పెట్టాను.

“ఇదేమిటండీ?”

“గీత జరిపాను” అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. చాప మీద కూర్చున్న అమ్మాయికి అర్థమైంది. ఏమీ అడక్కుండా కొత్త గ్రాఫు కాగితం తీసింది. ఎక్స్ + వై ≤ 63 అని వ్రాసింది. వాలుగీత పాతదానికి సమాంతరంగా పైకి జరిగింది. నిలువు గీతకీ అడ్డగీతకీ మధ్య మళ్ళీ ఒక ముక్కోణం పుట్టింది. పాతదానికంటే చిన్నది, ఒక గడి మీద పిసరంత ఎక్కువ. అయినా నేను చూసిన గ్రాఫులన్నింటిలోనూ నాకు నచ్చింది అదే. మేష్టారు దాని కింద ఎర్రసిరాతో వ్రాసి పంపించారు: ‘ప్రాంతం చిన్నది. అయినా ఉంది.’

ఆ అమ్మాయి ఇప్పుడు తానే లెక్కల టీచరు. కాకినాడలో ఒక హైస్కూల్లో చెబుతుంది. కిందటి వేసంగి సెలవల్లో వచ్చినప్పుడు భోజనాల దగ్గర వాళ్ళమ్మకి ఈ లెక్కల పుట్టుపూర్వోత్తరాలు చెప్పింది. నేనూ విన్నాను.

అమెరికాలో స్టిగ్లర్ అనే అర్థశాస్త్రజ్ఞుడు 1945లో ఒక లెక్క వేశాడట. ఒక మనిషికి కావలసిన తొమ్మిది రకాల పోషకాలూ తగ్గకుండా, ఏడాదికి అతి తక్కువ ఖర్చులో భోజనం ఎంతకి అవుతుంది? మొత్తం 77 రకాల తిండివస్తువులు తీసుకున్నాడు. ఇది మా అమ్మాయి గీసిన రెండు అక్షాల లెక్క కాదు, 77 అక్షాల లెక్క. కాగితం మీద గీయడానికి వీలుకాదు. ఆయన ఎల్లాగో కూడి తీసి, 1939 ధరల ప్రకారం ఏడాదికి 39 డాలర్ల 93 సెంట్లు అని తేల్చాడు. గోధుమపిండి, చిక్కటి డబ్బాపాలు, క్యాబేజీ, పాలకూర, ఎండు చిక్కుడు గింజలు. ఏడాది పొడుగునా అవే! దీన్ని తినమని తాను ఎవరికీ చెప్పడం లేదని ఆయనే ఒప్పుకున్నాడట.

తరవాత 1947లో డాంట్జిగ్ అనే గణితశాస్త్రజ్ఞుడు ఎన్ని షరతులున్నా ఒక మూలనుంచి ఇంకో మూలకి నడుచుకుంటూ పోయి జవాబు పట్టే ఉపాయం కనిపెట్టాడు. దాన్ని పరీక్షించడానికి స్టిగ్లర్ లెక్కే తీసుకున్నారు. అప్పటికి అల్లాంటి లెక్కలు చేసే కంప్యూటర్లు ఎక్కడివి? తొమ్మిదిమంది గుమాస్తాలు చేత్తో తిప్పే లెక్కల యంత్రాలు ముందు పెట్టుకుని చేశారట. అందరి పనీ కలిపితే దగ్గర దగ్గర 120 పనిదినాలు. వచ్చిన జవాబు 39 డాలర్ల 69 సెంట్లు. తేడా 24 సెంట్లు! గుమాస్తాలన్న మాట చెవిన పడగానే నాకు వెన్ను నిటారయింది. పైసా తేడా కోసం అర్ధరాత్రిదాకా కూర్చునేవాళ్ళు మన ఒక్క దేశంలోనే లేరన్నమాట.

“అసలు కథ ఇంకా ఉంది” అంది అమ్మాయి. 1950ల్లో ఆ డాంట్జిగ్‌నే డాక్టరు బరువు తగ్గమన్నాడట. తన విద్య తన ఒంటికే ప్రయోగిద్దామని, ఏమేం తినాలో కంప్యూటరుని అడిగాడు. తిన్నట్టు ఉండాలి, కడుపు నిండాలి, బలం మట్టుకు మించకూడదు. కంప్యూటరు ఇచ్చిన జాబితాలో ఏముందో తెలుసా? 500 గ్యాలన్ల వినిగర్! అంటే మన లెక్కలో 1,900 లీటర్ల దాకా పుల్లనీళ్ళు. నీటి బరువు లెక్కలోకి రాకూడదని షరతు పెట్టాడు గాని, పట్టికలో వినిగర్‌లో నీళ్ళు సున్నా అని ఉంది. కాగితానికేం తెలుసు? వినిగర్ కొట్టేసి మళ్ళీ అడిగితే రోజుకి 200 మాంసపు చారు బిళ్ళలు వేసుకోమంది. నాలుగు బిళ్ళలు వేడినీళ్ళలో కలుపుకుని నోట్లో పోసుకునేసరికి అది వట్టి ఉప్పు కషాయం. ఒక మనిషి ఒక పూట ఇంతకి మించి ఉప్పు తినలేడని ఎవరూ వ్రాయలేదు మరి! అప్పటినుంచి ప్రతి వస్తువుకీ ‘ఇంతకి మించరాదు’ అనే గీత కూడా పెట్టడం మొదలుపెట్టారట.

“చివరికి ఏం తిన్నాడే?” అంది మా ఆవిడ.

“వాళ్ళావిడ ఆ జాబితాలన్నీ చూసి, పనికొచ్చేవి ఏరుకుని, తనకి తోచినట్టు వండి పెట్టిందట. ఆయన 22 పౌన్లు తగ్గాడు. అంటే పది కిలోలు.”

మా ఆవిడ నాకు మజ్జిగ వడ్డిస్తూ, “ఆ మాటేదో మొదటే ఆవిణ్ణి అడిగి ఉంటే అంత వినిగరు లెక్క తప్పేదిగా” అంది.

మేం ముగ్గురం నవ్వుకున్నాం. నవ్వు తగ్గాక నాకు ఆ పాత గ్రాఫు జ్ఞాపకం వచ్చింది. గ్రాఫు అబద్ధం చెప్పదు. కాని గీసిన గీతల సంగతే చెబుతుంది. గీయని గీత ఎక్కడికీ పోదు; అది ఇంట్లోనే, ఎవరో ఒకరి ఒంట్లోకి వెళ్ళి కూర్చుంటుంది. మన ఇళ్ళల్లో అది ఎవరి ఒంట్లో కూర్చుంటుందో నేను వేరే చెప్పనక్కరలేదు. ‘ఉన్నంతలో సర్దుకుంటున్నాం’ అని మనం అన్నప్పుడల్లా ఆ సర్దుకుంటున్నది ఎవరో ఒకసారి చూసుకోవాలి. పొదుపైన ఇల్లాలని మెచ్చుకునేముందు ఆవిడ ఏ షరతు కొట్టేసిందో అడగాలి. చెప్పదు. చారు మరిగిపోతోందని లోపలికి వెళ్ళిపోతుంది. అందుకని పిల్లలనీ, మంచం మీది పెద్దవాళ్ళనీ కూడా అడగాలి. మా అమ్మ ఆ రోజు నోరు విప్పకపోయి ఉంటే నా రెండు గళ్ళ ముక్కోణం చూసుకుని నేను ఇంకా ఎన్నాళ్ళు మురిసిపోయేవాణ్ణో!

ఇప్పుడు మా ఇంట్లో నెల మొదటి తారీకున జాబితా మా ఆవిడే వ్రాస్తుంది. నేను వ్రాస్తానంటే ఒప్పుకోదు. బియ్యం, పప్పు తరవాత. మొట్టమొదటి వరస ‘మాత్రలు — నావి’ అని ఉంటుంది. ఆ రెండో మాట నేను పట్టుబట్టి వ్రాయించిందే. రెండో వరస ఆవిడ తనంతట తాను చేర్చింది: ‘మీ కాఫీ, కిళ్ళీ.’

“ఇదెందుకు? ఇది నేను ఎప్పుడో తగ్గించేశానుగా” అన్నాను మొదటిసారి చూసినప్పుడు.

“తగ్గించిన దాన్నే వ్రాశాను. వ్రాయకపోతే మీ గీతా ఎక్కడో దాక్కుంటుంది” అంది మా ఆవిడ.